అరంగుళం మాస్టారి జేబులో ఆరు రీళ్ళు

ఆ దర్జీని వీధి వీధంతా అరంగుళం మాస్టారనే పిలుస్తుంది. ఎవరు బట్టలిచ్చినా కుట్టు లోపల అరంగుళం గుడ్డ ఎక్కువ వదలడం ఆయన అలవాటు. "మనిషన్నాక ఒళ్ళు చేయడా? అప్పుడు మళ్ళీ నా దగ్గరికేగా వస్తావు!" అని ముఖం మీదే అనేస్తాడు. ఏటా వసంతంలో ఏటి ఒడ్డున అడవిపూలు విరబూస్తాయి, చూసొద్దాం రమ్మని భార్య పోరుతూనే ఉండేది. "ఈ ఒక్క చొక్కా అవనీ" అనేవాడు. ఆ ఒక్క చొక్కా నలభై ఏళ్ళయినా అవలేదు. పాపం, ఆవిడ ఒక్కతే వెళ్ళొచ్చేది.

ఈ ఏడు ఆయనే ముందుగా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ నోరెళ్ళబెట్టింది.

మాస్టారి అవసరం మాస్టారిది. రెండేళ్ళుగా కళ్ళకు శుక్లాలు కమ్మి, లోకమంతా పలచని టీలో ముంచి తీసినట్టు కనిపించేది. నీలమేదో ఆకుపచ్చేదో తెలిసేది కాదు. రంగు తెలియని దర్జీ దగ్గరికి ఎవరొస్తారు? అందుకే ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చిత్రమేమిటంటే, ఒక్క బట్టకీ దారం రంగు తప్పిందని ఎవరూ అనలేదు. తన చేతులకు కళ్ళున్నాయనుకుని లోలోపల మురిసిపోయాడు. చివరికి సూదిలోకి దారం ఎక్కక ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. నల్లద్దాలు ఇవాళ తీసేయమన్నాడు డాక్టరు. రేపు కొట్టు తెరవాలి. రంగులు తిరిగి రాకపోతే మాత్రం ఇక తెరవకూడదని నిశ్చయించుకున్నాడు. కొట్టులో ఏ రీలు ఏ గూట్లో ఉందో ఆయనకు కంఠతా వచ్చు. అక్కడ పరీక్ష పెట్టుకుంటే తనను తను మోసం చేసుకున్నట్టే. అందుకని చేతికందిన ఆరు రీళ్ళు జేబులో వేసుకుని పూల దగ్గరికి వచ్చాడు.

ఏటి పక్క కాలిబాట మీద కొంతదూరం నడిచాక, "కాల్లో ముల్లు దిగింది, నువ్వు పద" అని గట్టు మీద చతికిలబడ్డాడు. నల్లద్దాలు తీశాడు.

గడ్డి నిండా పూలే. పసుపు, ఊదా, గులాబీ. ఒక్కో రీలు తీసి ఏ పువ్వు రంగుదనిపిస్తే దాని పక్కన పెట్టాడు. తర్వాత తిరగేసి అడుగున అంటించిన కాగితం మీద రంగు పేరు చదివాడు. ఆరింటికి ఆరూ సరిపోయాయి. చొక్కా గుండీ అంత లేదు నీలం పువ్వు, దాన్ని చూసి ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ముల్లు దొరికిందాండీ?" వెనకనుంచి భార్య గొంతు.

కళ్ళు తుడుచుకుని తిరిగి చూశాడు. ఆవిడ భుజాన శాలువా ఉంది. రెండేళ్ళ క్రితం ఆవిడ నాలుగు రోజులు చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చేసరికి, ఆశ్చర్యపరచాలని తను కుట్టి ఉంచిన నీలం శాలువా. దాని అంచు పొడుగునా ఆకుపచ్చ దారం.

"ఇదేంటి... ఇలా కుట్టానా?"

"మరి ఇంకెవరు కుడతారు?"

"రెండేళ్ళుగా వేసుకుంటున్నావు, ఒక్క మాట చెప్పలేదే!"

"అది చూశాకే కదండీ, మీ కళ్ళ సంగతి నాకు తెలిసింది."

మాస్టారికి అప్పుడు అర్థమైంది. ఆ రోజుల నుంచే, తను మిషను దగ్గర కూర్చునేసరికి మడతపెట్టిన ప్రతి గుడ్డ మీదా ఒక రీలు ఉండేది. గూళ్ళు కెలకొద్దని ఎన్నిసార్లు కసిరాడో! ఆవిడ పల్లెత్తు మాటనేది కాదు, మర్నాడు మళ్ళీ పెట్టేది. చేతికి తగిలిన ఆ రీలే తను మిషనుకెక్కించేవాడు. నలభై ఏళ్ళ పేరు నిలిపింది తన చేతులు కాదు. శాలువా కొస పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వు, విప్పి మళ్ళీ కుడతాను."

"దీని మీద చెయ్యి వేశారో, ఊరుకోను!"

ఇద్దరూ మెల్లగా నడిచారు. ఆవిడ నలభై ఏళ్ళుగా ఒంటరిగా చూసిన పూలన్నీ ఒక్కొక్కటే చూపిస్తోంది.

"రేపటి నుంచి రీళ్ళు నేనే తీసుకోగలను" అన్నాడు.

"సరేలెండి."

నాలుగడుగులు వేసి ఆగాడు.

"అయినా నువ్వే పెట్టు."