తమ్ముడి ఏడుపుకు నేను చెప్పిన కారణం

ఆరేళ్లుగా ఈ మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అలిసిపోయాను. మీకు చెప్పేస్తాను.

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని. వడమాలపేట దగ్గర మా ఊళ్లో, ద్రౌపదమ్మ గుడి ముందు, భారతం ఉత్సవాల చివరి రోజున భీముడి వేషగాడు కొట్టడానికి దుర్యోధనుణ్ని మట్టితో చేసి నేల మీద పడుకోబెడతారు. ఆ బొమ్మ మీసమే ఆరడుగులని చెబుతుంటాను. రెండడుగులే. ముప్పై ఏళ్లు దాన్ని చేసింది నా తమ్ముడు. నేను నీళ్లు మోసేవాణ్ని.

వాడికి మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చింది. ముందు చేతులు పోయాయి, తర్వాత మాట. తిరుపతిలో పరిశోధన కోసమని వాడి మెదడుకు స్కానింగ్ తీశారు. డాక్టరు నాతో గంటసేపు మాట్లాడాడని ఊరంతా చెప్పాను. ఐదు నిమిషాలు. ఈ జబ్బులో కండరాలను నడిపే చోటే కాదు, మెదడులో ఒక చోటికీ ఇంకో చోటికీ ఉండే సంబంధాలే మారిపోతాయట. అందుకే ఒక్కోసారి కారణం లేకుండా ఏడుపు వస్తుందట. ఒక్కోసారి. కారణం ఉందేమో ముందు చూడమన్నాడు.

ఆ ఏడు గుడి పెద్దలు, ఇన్నేళ్లూ బొమ్మ చేసినవాడికి శాలువా కప్పాలనుకున్నారు. తమ్ముణ్ని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం.

"చెయ్యి వాడిదే గానీ, నేర్పింది నేనేన్నా. మొగం దిద్దేది ఎప్పుడూ నేనే," అన్నాను గుడి పెద్దతో.

ఎందుకన్నాను? శాలువా కోసమా? నలుగురి ముందూ ఒక్కసారైనా నీళ్లు మోసేవాణ్ని కాకుండా ఉండాలనా? తమ్ముడు నన్నే చూస్తూ భోరుమన్నాడు.

"ఏమబ్బా, మీ తమ్ముడు అట్లా ఏడుస్తా ఉండాడే?" అని, శాలువాతో నా వైపు తిరిగిన గుడి పెద్ద ఆగాడు.

"అది వాడి ఏడుపు కాదులేన్నా, జబ్బుది. మెదడులో తీగలు మారిపోయినాయంట. డాక్టరే చెప్పినాడు. నువ్వు కప్పు."

శాలువా నా భుజాల మీద పడింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఎవరూ మళ్లీ అటు చూడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తర్వాత వాడు ఎప్పుడు ఏడ్చినా ఇంట్లో నా మాటే చెల్లింది. ఒకసారి మూడు రోజులు ఏడ్చాడు.

"జబ్బే గదా బావా?" అంది వాడి భార్య.

అవునన్నాను. నాలుగో రోజు పక్కకు తిప్పితే నడుం కింద పుండు, అరచేయంత. ఇది పెంచి చెప్పడం లేదు.

వాడు పోయి ఐదేళ్లు. చూసుకోలేకపోయానని మరదలు ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది. నేను పక్కనే కూర్చుని వింటాను.

క్షమించమని అడగను. అడిగితే అదీ కాస్త పెంచి అడుగుతాను. ఇంత రాసేసరికి ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది, అంతే. బొమ్మ వాడిది. ఆ రోజు ఏడుపూ వాడిదే.