సంతకాలయ్యాక అసలు పని

మా కాక పోయాడని మొన్న చంపాపేట నుంచి ఫోనొచ్చింది. చుట్టరికమేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్నప్పుడు పక్క వాటాలో ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మేమూ అందరిలాగే ఆయన్ని కాక అనేవాళ్ళం.

ఆయనవి ప్లాట్ల బేరాలు. భూమిగలవాళ్ళకు ముందుగా కొంత సొమ్ము బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువులోగా అంతకన్నా ఎక్కువకు కొనేవాణ్ణి తేవాలి, లేకపోతే బయానా మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ లైనులో ఉన్నవాళ్ళు అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ కలవనివ్వరు, తమ లాభం బయటపడుతుందని. మా కాకది తిక్క పద్ధతి. కొనేవాణ్ణి నేరుగా అమ్మేవాళ్ళింటికే తీసుకెళ్ళి, తనకెంత మిగులుతుందో ఇద్దరి ముందూ చెప్పి, చాయ్ అడిగి మరీ తాగేవాడు. "సంతకాలైనంకనే అసలు పని షురువైతది" అనేవాడు. ఎల్.బి. నగర్ హోటల్లో తోటివాళ్ళు వెక్కిరిస్తే, సాసర్లో చాయ్ ఊదుకుంటూ తనూ నవ్వేవాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, నేను కొంటానన్న మాట మీద పెద్ద అంబర్‌పేట్‌లో ఒక అవ్వ జాగాకు అగ్రిమెంటు చేసుకున్నాడు. అంతలో బందులు మొదలయ్యాయి. రేపు మనల్ని ఇక్కడ ఉండనిస్తారా అని మా బావమరిది ఒకటే నస. నాకూ గుండె జారింది. వద్దని చెబుదామని వెళ్తే, కాక అప్పుడే ఉద్యమ సభ నుంచి వచ్చి ఉన్నాడు. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది. నా మాట విని కోప్పడలేదు, బయానా ఊసెత్తలేదు. ఆ మాటేదో అవ్వకే చెప్పమని నన్ను బండెక్కించుకున్నాడు.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "కొని అమ్ముకుంటవా బిడ్డా, ఇల్లు కట్టుకొని ఉంటవా? గీ పక్కిల్లే నాది. మనిషి ఉంటే నాకు జర తోడు."

ఉండనిస్తారా అవ్వా అని నేనే ఎదురడిగాను. జవాబు కాక చెప్పాడు. "మా రాష్ట్రం మాకు గావాలె. నిన్ను పొమ్మని ఎవలన్నరు?"

నేను కొన్నాను. ఇది ఆ జాగాలో కట్టుకున్న ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. ఈ ఊళ్ళో నా కాలు నిలిచిందంటే అది ఆయన చలవే.

రిజిస్ట్రేషన్‌తో ఆయన పని తీరిపోయినట్టే. అయినా ఆ సాయంత్రం గడ్డపార పట్టుకుని హద్దురాళ్ళు పాతించడానికి వచ్చాడు. మూల రాయి నన్నే నిలబెట్టమన్నాడు. నాకు అలవాటు లేక అది ఒరిగిపోయింది. కాక వంగి రాయిని రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. అవ్వ చీర ఎగదోపుకుని, పొద్దుటిదాకా తనదైన ఆ నేలలో, నా రాయి చుట్టూ మట్టి పోసి మడమతో తొక్కుతూ ఉంది.