మా కెమిస్ట్రీ మేడమ్ కోపం

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారని ఆదివారం ఉదయం వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. చాయ్ తాగుకుంట కూసున్నకాడనే ఒరిగింది. దవాఖానకు తీస్కపోయే లోపట్నే అయిపోయింది" అన్నాడు.

ఆమె సొంతూరు మంచాలలో అంత్యక్రియలు జరిగాయి. మర్నాడు ఇబ్రహీంపట్నం దగ్గర ఆమె పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ కాలేజీలో సంతాప సభ. మాట్లాడిన ప్రతివారూ ఆమె శాంతమూర్తి అన్నారు, ఎలాంటి ఇబ్బందికైనా సర్దుకుపోయేవారన్నారు. వెనక కుర్చీలో నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఆమె సర్దుకుపోలేదు. నాకు తెలిసిన మేడమ్ ఏళ్ల తరబడి కోపంగా ఉన్న మనిషి. అందుకు కారణం ఆ సభలో ఎవరూ చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నీళ్లలోకి కరెంటు పంపితే హైడ్రోజన్ వస్తుందని బడిలో అందరం చదువుకున్నాం. దాన్ని మండిస్తే పొగ రాదు, మళ్లీ నీళ్లే వస్తాయి. చిక్కంతా ఆ పనిని సులువు చేసే ఉత్ప్రేరకంతోనే. బాగా పనిచేసేవి ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు. మేడమ్ మాత్రం నికెల్ తీగల జాలీ మీద నికెల్, ఇనుము కలిపిన పూత వేసి అదే పని చేయించాలనుకున్నారు. కాలేజీవాళ్లు ఇచ్చిన చిన్న గదిలో, చివరి ఏడాది ప్రాజెక్టు కోసం నేను ఆమె దగ్గర చేరాను.

గాజు పాత్రలో బుడగలు బాగానే లేచేవి. అంతలో కరెంటు పోయేది. పోయి వచ్చిన ప్రతిసారీ పూత కొంత రాలి, అడుగున నల్లటి పొడిగా చేరేది. ఇన్వర్టర్ పెట్టిద్దామన్నాను. ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "కరెంటుకు ఇన్వర్టర్ పెడ్తవ్, సూర్యునికేం పెడ్తవ్ బిడ్డా? ఇది సోలార్ తోని నడవాలె. మబ్బొస్తే ఖరాబయ్యేది మనకెందుకు?" అన్నారు. అప్పటినుంచి ఆమె వెతుకులాట అంతా ఆగినా చెడిపోని పూత కోసమే.

నేను ఉద్యోగంలో చేరాక కూడా సెలవు రోజుల్లో వెళ్లేదాన్ని. చివరికి ఒక పూత ఎన్ని కరెంటు కోతలొచ్చినా రాలలేదు. "ఈసారి నిలవడ్డదే!" అని నా వీపు మీద చరిచారు. ఇక వచ్చిన గ్యాసును, దాన్ని పీల్చుకునే మెగ్నీషియం పొడిలో దాచే పని మొదలుపెడదామన్నారు.

ఆ వేసవి సెలవుల్లో కంప్యూటర్లు పెట్టడానికి కాలేజీవాళ్లు ఆ గది ఖాళీ చేశారు. జాలీ ముక్కలు, పాత్రలు అన్నీ తుక్కులో పోయాయి. అడిగితే, "గ్యాస్ కదా మేడమ్, పిల్లలకు డేంజర్. మీరు మళ్ల చేస్కోవచ్చు కదా" అన్నారు. ఇద్దరం ఇబ్రహీంపట్నంలోని తుక్కు దుకాణానికి పరుగెత్తాం. "గా మాల్ ఎప్పుడో కరగనీకి పోయిందక్కా" అన్నాడు దుకాణదారు. మేడమ్ రోడ్డు మీదికి వచ్చి, "ఏం పారేసిన్రో గూడ తెల్వదు వాళ్లకు!" అని అరిచారు. యాచారం పోయే ఆటోలో కూర్చున్నవాళ్లు తొంగిచూశారు.

ఇంటి డాబా మీద మళ్లీ మొదలుపెట్టారు. రాలకుండా నిలిచిన ఆ పూత మాత్రం ఇంకోసారి కుదరలేదు. ఒక్కసారైనా వచ్చింది కదా అని ఓదార్చబోతే, "ఎట్లొచ్చిందో ఎరుకైతెనే అది మనది. లేకుంటే ఉత్త అదృష్టం" అని కసిరారు. అది ఎందుకు నిలిచిందో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియదు. సర్దుకుపోవడమంటే ఇదేనా?

చివరిసారి మంచాల వెళ్లినప్పుడు డాబా మీద సోలార్ పలక పక్కన, తలమీద కొంగు కప్పుకుని నిలబడి ఉన్నారు. కొత్త పూత. మబ్బు కమ్మి బుడగలు ఆగిపోయాయి. "జర జరుగవే, ఎంతసేపుంటవ్ ఆడ?" అని మబ్బును తిట్టారు. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. మబ్బు కదిలి ఎండ డాబా అంచు దాకా వచ్చింది. మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని, కళ్లద్దాలు గాజు పాత్రకు తగిలేంతగా వంగి, అడుగున నల్లటి పొడి చేరిందేమోనని చూస్తున్నారు.