తోటత్త గోడ మీద రాత

మా ఎల్బీనగర్ అపార్ట్‌మెంటు పక్కన సెల్లారు తవ్వుతున్నారు. పైకి తీసిన ఎర్ర మొరం మీద నిన్న జల్లు పడితే లేచిన వాసనకు కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

ఈ నేలంతా నా చిన్నప్పుడు చెలక, వాన మీదే పండే ఎర్ర నేల. కర్మన్‌ఘాట్ వైపు గుట్టల మీద సీతాఫలం పొదలు, దిగువన జొన్న, ఆముదం, వాన నీళ్ళు జారి ఆగే కుంట, కుంట కింద రెండు మళ్ళ వరి, బావుల చుట్టూ రాతి కడీలకు తీగలు లాగి వేసిన ద్రాక్ష పందిళ్ళు. ఎండాకాలం బయట నేల అరికాళ్ళు కాలుస్తుంటే పందిరి కింద తడి మట్టి చల్లగా తగిలేది, పండిన గుత్తుల తీపి వాసనకు తేనెటీగలు ముసిరేవి.

గుంటూరు నుంచి వచ్చిన దంపతులది అందులో ఒక తోట. అమ్మ అక్కడ కూలికి పోయేది. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడిన ఆ ఏడు నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. తోట ఆమెను పిల్లలందరం తోటత్త అనేవాళ్ళం.

"గుత్తి పట్టుకోకురా అబ్బాయ్, కాడ పట్టుకుని కొయ్యి. పండు మీది తెల్ల పొడి చెరిగితే బేరం పోద్ది," అనేది. చిట్లిన పండ్లన్నీ నా గిన్నెలోనే పడేవి.

ఒక పొద్దున పెద్ద పిల్లలు నా చేతికి బొగ్గు ఇచ్చారు. "నీ రాత మంచిగుంటది, నువ్వే రాయి. ఏంది, తోటత్త ద్రాక్షలు పెట్టదని భయమా?" అన్నారు. పంపు గది తెల్ల గోడ మీద 'ఆంధ్రోళ్ళు వాపస్ పోవాలె' అని గుండ్రంగా రాశాను.

తోటత్తకు చదువు రాదు. "ఏం రాశార్రా?" అని నన్నే అడిగింది.

"ఇక్కడ మంచి ద్రాక్ష దొరుకును," అన్నాను.

మురిసిపోయింది. వచ్చిన ప్రతి కూలీకీ చూపించింది. వాళ్ళలోనూ చదువొచ్చినవారు లేరు. మా అమ్మ కూడా నవ్వుతూ చూసింది. సాయంత్రం తోటత్త భర్త మార్కెట్ నుంచి వచ్చి చదివేదాకా ఆ సంబరం సాగింది.

మర్నాడు గోడ దగ్గర సున్నం బకెట్టు, కుంచె, బొగ్గు ముక్క పెట్టి ఉన్నాయి. తోటత్త తిట్టలేదు.

"నువ్వు చదివిందే బాగుందిరా అబ్బాయ్. అదే రాయి," అంది.

పరుగెత్తాను. పెద్ద పిల్లలు చూస్తారన్నది నేను చెప్పుకున్న సాకు.

"మూడొద్దుల సంది బకెట్ గాడనే పెట్టి కూసున్నది బిడ్డా. జర పోయి రాయరాదు, నీదేం పోతది?" అంది అమ్మ.

పోలేదు. కుంట కట్ట మీదుగా చుట్టూ తిరిగి నడిచాను. వానలు పడకముందే వాళ్ళు తోట అమ్ముకుని వెళ్ళిపోయారు. అప్పుడు వెళ్ళి చూశాను. గోడకు సున్నం వేసి ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు.

తర్వాత కుంట కాలనీ అయింది, గుట్టలు కంకరయ్యాయి. చాలా ఏళ్ళకు మేం కోరుకున్న రాష్ట్రమూ వచ్చింది, సంతోషించాను. క్షమించమని అడగడానికి గుంటూరు దాకా వెళ్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరి కోసం వెతకాలి? ఆమె పెట్టిన పండ్లు అన్ని రోజులు తిన్నాను, పేరు ఏమిటని ఒక్కరోజూ అడగలేదు.