నాగవల్లి సంచి మొదటి పేజీకెక్కింది

మందుల కంపెనీల్లో మాత్రల పొడిని వేడిగాలితో ఆరబెట్టే పెద్ద డ్రయ్యర్లుంటాయి. గాలి బయటికి పోవాలి, పొడి మాత్రం లోపలే ఉండాలి. అందుకోసం లోపల ఒక గుడ్డసంచి కడతారు. దానికి వేళ్లలాంటి గొట్టాలు వేలాడుతుంటాయి కాబట్టి ఫింగర్ బ్యాగ్ అంటారు. పటాన్‌చెరులో నాగవల్లి ఇరవై ఏళ్లుగా కుట్టేది ఆ సంచులే.

ఆమె తండ్రి తణుకు దగ్గర్నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఇక్కడికొచ్చినప్పుడు ఆమెకు రెండేళ్లు. అందుకే ఇంట్లో గోదావరి మాట, కుట్టుపని షెడ్డులో పటాన్‌చెరు మాట. ఏది ఎప్పుడు మాట్లాడాలో ఆమె నాలుకకే తెలుసు.

ఇన్నాళ్లూ కంపెనీల్లో కొనుగోళ్లు చూసే పెద్దమనుషులు ఆమెను ఎరిగినవాళ్లు. వాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్ల కుర్చీల్లోకి వచ్చిన పిల్లలు ఎవర్నీ అడగరు, ఫోన్‌లో వెతుక్కుంటారు. షెడ్డులో మిషన్లు మధ్యాహ్నానికే ఆగిపోవడం మొదలైంది. వెబ్‌సైటు పెట్టించక తప్పదని నాగవల్లికి అర్థమైంది.

అమీన్‌పూర్ అపార్టుమెంట్లలో ఉండే ప్రవీణ్‌కుమార్ వారమంతా ఐటీ ఆఫీసులో పని చేసి ఆదివారాలు వెబ్‌సైట్లు చేస్తాడు. అతను చేసిన సైటు చూడముచ్చటగా వచ్చింది. 'వినూత్న వడపోత పరిష్కారాలు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు, పక్కన తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న ఒక విదేశీయుడు. ఈయన ఏ కంపెనీ తాలూకని నాగవల్లి భర్త త్రినాథరావు అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. గూగుల్‌లో వెతికితే ఆ సైటు నాలుగో పేజీలో కనబడింది. అంత దూరం వెళ్లి చూసేది తామిద్దరమేనని త్రినాథరావు తేల్చాడు.

పైకి తెస్తానని ప్రవీణ్ సైటు నిండా 'బ్యాగ్' అన్న మాట చల్లాడు. మంచి బ్యాగులు, చవక బ్యాగులు, పటాన్‌చెరు బ్యాగులు, అలా నలభై చోట్ల. ఫోన్ మోగడం మొదలైంది. ఒకరికి స్కూలు బ్యాగులు కావాలి. సంగారెడ్డి పెళ్లివారికి చుట్టాలకు పంచే చేతిసంచులు కావాలి. ఒకాయన ఏకంగా ట్రాలీ బ్యాగు ఎత్తుకొచ్చి జిప్పు పాడైందన్నాడు. పొమ్మనడం చేతకాక నాగవల్లి కొత్త జిప్పు వేసిచ్చింది.

ఆ గోలలోనే అసలైన ఫోన్లు కూడా నాలుగైదు వచ్చాయి. ఏమని కొట్టి వెతికారని ఆమె ప్రతివాళ్లనీ అడిగి, కటింగ్ అట్టల వెనక రాసుకుంది. ఒకరు 'డ్రయ్యర్ సంచి చినిగింది' అని వెతికారు. ఒకరు 'పొడి లీకు' అని కొట్టారు. బీహారు ఆపరేటర్ ఒకతను 'ఉంగ్లీవాలా థైలా', అంటే వేళ్ల సంచి, అని వెతికాడట. వడపోత పరిష్కారాలని వెతికినవాడు ఒక్కడూ లేడు.

ఆదివారం ప్రవీణ్‌ని కూర్చోబెట్టి అట్టలు ముందు పరిచింది.

"గిరాకీలు నన్ను మళ్లమళ్ల అడిగేటివి పదకొండు ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ పెడదాం. నేను చెప్త, నువ్వు రాయి."

పొడి ఎందుకు కారుతుంది, సంచి ఎలా ఉతకాలి, ఏ గుడ్డ ఎంత వేడి తట్టుకుంటుంది, అన్నీ చెప్పింది. పేజీ పైన అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్న పెట్టారు. షెడ్డు ఎక్కడుందో మ్యాపులో ఎక్కించారు. తెల్లకోటాయన్ని సాగనంపి, కుట్టుపని చేస్తున్న నాగవల్లి చేతుల ఫొటోలు పెట్టారు. సిగ్నల్ సరిగా అందని ప్లాంటులో కూడా పేజీ గబుక్కున తెరుచుకునేలా ప్రవీణ్ వాటిని చిన్నవి చేశాడు.

ఒక్క పేజీ దగ్గర త్రినాథరావు అడ్డుపడ్డాడు. చిరుగు చిన్నదైతే కొత్త సంచి అక్కర్లేదని, ఎవరికి వాళ్లు అతుకు ఎలా వేసుకోవాలో అందులో ఉంది. మన బేరం మనమే పోగొట్టుకుంటామా అని ఆయన బాధ. నాగవల్లి ఆ పేజీ తియ్యనివ్వలేదు.

రోజూ పొద్దున్నే ఫోన్‌లో వెతికి చూసుకునేది. మూడోవారంలో తన సైటు మొట్టమొదట కనబడేసరికి షెడ్డంతా మైసూర్‌పాక్ పంచింది. రోజూ ఆమే తెరిచే సైటు కనక ఆమె ఫోన్ అలా పైన చూపిస్తోందని, ఊళ్లో మిగతా ఫోన్లన్నింటిలో ఇంకా మూడో పేజీలోనే ఉందని ప్రవీణ్ నెమ్మదిగా చెప్పాడు. అప్పటికి డబ్బా ఖాళీ.

నాలుగో నెలలో గుమ్మడిదల వైపు ఒక కంపెనీలో మెయింటెనెన్స్ చూసే ప్రహ్లాద్ ఫోన్ చేశాడు.

"అక్కా, మీ పేజీల సూసి అతుకేసినం. లీకు ఆగింది. గిట్ల ఉన్నదున్నట్టు చెప్పెటోళ్లు దొరకరు. ఇగ కొత్తయి మీ కాడనే కుట్టిస్తం, ఎనిమిది గావాలె."

గూగుల్‌లో ఏ పేజీలో దొరికిందని అడిగింది. మొదటి పేజీల, రెండోది అన్నాడు. ఈసారి ప్రవీణ్ ఫోన్‌లో కూడా చూపించాకే మిఠాయికి మనిషిని పంపింది. ఆ ఏడాది ఇంకో రెండు మిషన్లు కొంది.

తర్వాత ఒక వింత జరిగింది. ఫోన్ చేసినవాళ్లు రాజు గారి కంపెనీయేనా అని అడగసాగారు. వెతికి చూస్తే, కిష్టారెడ్డిపేటలో టార్పాలిన్లు కుట్టే నరసరాజు సైటులో ఆమె పదకొండు పేజీలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. ఆమె చేతులు, ఆకుపచ్చ గాజులతో సహా ఉన్నాయి. కింద ఫోన్ నంబరు మార్చడం మరిచిపోయారు, అదీ ఆమెదే. వారం రోజులుగా ఆయన సైటు చూసినవాళ్ల ఆర్డర్లన్నీ ఆమెకే వస్తున్నాయి. త్రినాథరావు నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. పాపం ఆయన్ని ఇంకో నెల ఇలాగే ఉండనివ్వమన్నాడు.

ఆమె వినకుండా నరసరాజుకు ఫోన్ చేసింది. ఆయనది భీమవరం వైపు కావడంతో మాట దానంతటదే గోదావరి యాసలోకి మళ్లింది.

"తప్పయిపోయిందండీ నాగవల్లి గారూ. మా మేనల్లుడు చేశాడు, నేను చూసుకోలేదు," అన్నాడాయన చిన్నగొంతుతో.

"మీకొచ్చిన పని గురించి మీరు రాయండి రాజుగారూ. లారీకి టార్పాలిన్ ఎలా కడితే సరుకు తడవదో నాకు తెలీదు, మీకు తెలుసు."

రెండురోజుల్లో ఆ పేజీలు మాయమయ్యాయి. వానలు మొదలయ్యేసరికి టార్పాలిన్ కట్టే పద్ధతి మీద నరసరాజు సొంత పేజీ వచ్చింది. నాగవల్లి కుదురుగా చదివింది. బాగానే ఉంది గాని, మూలన వేసే ముడి సంగతి అర్థం కాలేదని ఆయనకు చెప్పింది. ఇప్పుడా పేజీలో ముడి బొమ్మ కూడా ఉంది.