దీపం లేకుండా దిగిన గని

ఈ రోజు పొద్దున పొయ్యి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీశాను. పెట్టెకు చెమ్మ తగిలినట్టుంది. పుల్ల వెలగలేదు, కాస్త పొగ వదిలి ఊరుకుంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే పుల్ల చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కోవిల్‌పట్టిలో పన్నెండేళ్ళు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసినదాన్ని, ఆ వాసనకు నాకు కంపెనీ గుర్తు రావాలి. కానీ ఎస్తరక్క గుర్తొస్తుంది. ఆమె కంప్యూటరులోని ఒక చీకటి గని గుర్తొస్తుంది. ఇది రాయాలని చాలా రోజులుగా అనుకుంటూ భయపడి మానేస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి, అదీ తమిళంలో. తెలుగు మా ఇంట్లో నోటిమాటే గానీ అక్షరాలు తెలియవు. చర్చి పాటల పుస్తకం ముందు పెట్టి అవి నేర్పింది అక్కే. అందుకే మొదటిసారి రాసేది ఆమె గురించే కావాలనుకున్నాను.

అక్క మా వీధి చివర టైపు నేర్పేది. టైపుకు మనుషులు రావడం తగ్గాక, విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారం చేసే తమ్ముడు దేవరాజు సాయంతో నాలుగు కంప్యూటర్లు పెట్టింది. కాలేజీ పిల్లలు గంటల లెక్కన వచ్చి కారు ఆటలు, తుపాకి ఆటలు ఆడేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తలుపు మూసి ఉండేది. కంపెనీ సెలవు కాబట్టి నేను వెళ్ళి గది ఊడ్చి మిషన్లు తుడిచేదాన్ని. అట్లాంటి ఒక ఆదివారం అక్క మూల మిషను ముందు కూర్చుని ఏదో ఆడుతూ కనిపించింది. విరుదునగర్‌లో ఒక అంగడి ముందు బుట్టలో పడేసిన సీడీల్లో దొరికిందట.

"ఇది ఎవరూ కొనలేదంట ముత్తూ. చేసిన కంపెనీనే మూసేసినారంట."

"మరి ఏంటికి తెచ్చినావక్కా?"

"ఇంత పెద్ద లోకం సుమ్మా, ఊరికే చేసిందురా? ఏం తలచుకొని చేసినారో చూస్తాము. రా, కూచో."

అందులో మనం ఒక మనిషిగా ఊరూరూ తిరగాలి. కొండలు, సంతలు, మూతపడిన గనులు ఉంటాయి. కత్తి ఉంటుంది గానీ దానికన్నా మాటకే పని ఎక్కువ. ఎదురైనవాళ్ళు ఏదైనా అడిగితే కింద నాలుగు జవాబులు వస్తాయి, ఒకటి మనం ఎంచుకోవాలి. ఇవాళ చెప్పిన మాటను ఎన్నో రోజుల తరువాత ఇంకో ఊళ్ళో ఎవరో గుర్తుచేస్తారు. అంతా ఇంగ్లీషే. అక్క ఒక్కొక్క మాటా చదివి, మా ఇంటి తెలుగులో చెప్పేది. ఆటలోని రాజు కూడా మా పెదనాన్నలాగే మాట్లాడేవాడు. నాలుగు జవాబులూ చెప్పి నా వైపు తిరిగి, "నువ్వేం చెప్తువు?" అని అడిగేది. కంపెనీలో పుల్లలు చట్రంలో పేర్చుకుంటూ పోవడమే నా పని. ఇంట్లో అయినా, పనిలో అయినా నన్ను అట్లా అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. మొదటిసారి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. అక్క తొందరపెట్టలేదు.

ఆటలో లోపాలు లేవని చెప్పను. మధ్యలో బిగుసుకుపోయేది. ఒక మెట్టు దిగడానికే ఎంతసేపో పట్టేది. ఒకసారి ఒక కాలేజీ అబ్బాయి తొంగిచూసి, "మిస్, మీ ఆట మోకాళ్ళ నొప్పి ముసలమ్మ మాదిరి నడుస్తా ఉండాదే!" అన్నాడు.

"ముసలమ్మకి కతలు తెలుసురా. నీ కారుకి ఏం తెలుసు, గోడకి గుద్దుకునేది తప్ప?" అంది అక్క. అందరూ నవ్వారు, ఆ అబ్బాయి కూడా. కానీ ఎవరూ ఆ ఆట అడగలేదు.

ఒక ఆదివారం దేవరాజన్న విరుదునగర్ నుంచి వచ్చాడు. మూల మిషను చూసి మొహం చిట్లించాడు. అందులో ఆ ఆట ఒక్కటే నిండిపోయి, వేరేది పెట్టడానికి చోటు లేదు.

"అక్కా, మిగతా మూడింటికి పిల్లలు వరసలో నిలబడతారు. దీన్ని కట్టి పెట్టుకున్నావు. చేసినవాడే మునిగిపోయినాడు, నీకేంటికి? ఈ రోజే తీసెయ్యి, కారు ఆట వేస్తాము."

తీసేస్తే రెండేళ్ళుగా మేం నడిచిన దారంతా పోతుంది. అక్క చేయి మౌసు మీదే ఉంది. "ఒక గంట కూచో తమ్ముడా. చూసి, ఆ తరువాత నీ ఇష్టం. నేను ఆడితే అక్క ఆశ అంటువు. ముత్తు ఆడుతుంది," అంది.

నేను అక్క కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు మేం ఉన్నది ఒక పాత గని వాకిట్లో. నేను ఆ చోటికి రావడం అదే మొదలు. గోడకు దివిటీ వేలాడుతోంది. పక్కనే రాళ్ళు పేల్చే మందు మూటలు.

"దివిటీ ఎత్తుకోమ్మా, చీకటి కదా," అన్నాడు దేవరాజన్న.

"మందు ఉండాదన్నా. దీపం ఎత్తుకోని పోరాదు."

"అది బొమ్మమ్మా! బొమ్మ మందు పేలునా?"

పేలదని నాకూ తెలుసు. కానీ చేయి కదలలేదు. మా కంపెనీలో మందు కలిపే గదిలోకి దీపంతో గానీ, రాపిడికి నిప్పు రేగుతుందని చెప్పులతో గానీ ఎవరూ వెళ్ళరు. ఎవరో మరిచి వెళ్ళిన రోజున మా చిన్నమ్మ రెండు చేతులూ కాలాయి. "అక్కా, చెప్పులు విడిచే దారి ఉండాదా?" అని కూడా అడిగాను. దేవరాజన్న పడీపడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. "దాని ఇష్టానికి పోనీ," అంది.

దీపం లేకుండా దిగాను. తెర మొత్తం నల్లగా అయిపోయింది. నీళ్ళు చుక్కలుగా పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "చూడు, మళ్ళీ నిలిచిపోయింది," అన్నాడు దేవరాజన్న. నేను గోడ తడుముకుంటున్నట్టు ఒక్కొక్క అడుగే వేశాను. అప్పుడు కింద అక్షరాలు వచ్చాయి. అక్క ముందుకు వంగి చదివింది.

"దీపం లేకుండా వచ్చినావా? దీపం తెచ్చినోళ్ళంతా నన్ను పట్టుకునేదానికి వచ్చినారు. వెలుతురు కనపడితే నేను లోపలికి పరుగెత్తుతాను."

అతను ముసలి పనివాడు. గని పేలిన రోజు నుంచీ అక్కడే దాక్కున్నాడు. చచ్చిపోయిన తోటివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. అక్క ఒక్క పేరూ వదలకుండా చదివింది. తరువాత నాలుగు జవాబులు వచ్చాయి. "నువ్వేం చెప్తువు?"

"ఏం చెప్పేదక్కా! పక్కన కూచునేదానికి లేదా?"

ఉంది. నాలుగోది అదే. ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోవడం.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఈ తావుకి నేను మూడు తూర్లు వచ్చినా. మూడు తూర్లూ దివిటీతోనే. లోపల ఏమీ లేదు, సగంలో విడిచేసినారని నేనే వాళ్ళని తప్పు పట్టినా. ఎవరైనా వస్తారో రారో తెలియని తావులో ఒక మనిషిని కూచోబెట్టిపోయినారే, దీన్ని చెడిపోయిన పని అంటువా? బాగా అమ్ముడుపోయిందని నేను చెప్పేదానికి రాలే. దీంట్లో యోచన ఉండాదని చెప్తా ఉండాను."

దేవరాజన్న కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు: "సరి... ఆ తాత ఇంకేం చెప్పినాడు?"

ఆట ఆ మూలలోనే ఉండిపోయింది. చివరి ఊరి వంతెన దగ్గర మాత్రం ప్రతిసారీ నిలిచిపోయేది. ఆఖరు ఏమిటో మేం చూడనేలేదు. "పావం, టైం చాలలేదు వాళ్ళకి," అనేది అక్క, తనకు తెలిసినవాళ్ళ గురించి చెప్పినట్టు. కొన్నేళ్ళకు కంప్యూటరు సెంటరు మూసేసింది. తరువాత అక్క కూడా పోయింది.

నేనిప్పుడు విరుదునగర్‌లో పప్పు మిల్లులో పనిచేస్తున్నాను. అక్కడి ఆడవాళ్ళ చేత పని చేయించే బాధ్యత నాదే. ఎవరైనా తప్పు చేస్తే, తిట్టే ముందు, "నువ్వేం చెప్తువు?" అని అడుగుతాను. పోయిన నెల ఒకామె కొత్తగా చేరింది. ఎవరితోనూ మాట్లాడదు, బస్తాల వెనక ఒక్కతే కూర్చుని తింటుంది. దానికి పొగరు అన్నారు కొందరు, బుద్ధి మందం అన్నారు కొందరు. నేను నా డబ్బా తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. మూడు రోజులు అట్లాగే గడిచాయి. నాలుగో రోజు ఆమె తన డబ్బా మూత తీసి, నా వైపు జరిపింది.