చిన్న మంట అన్నందుకు

ఉపగ్రహం ఎక్కడ మంట చూసినా నా ఫోన్‌లో ఎర్రచుక్క పడుతుంది. ఎండలో పడి అక్కడికి వెళ్లి, కోతయ్యాక చేలో మిగిలిన కట్టె తగలబెట్టిన రైతుకు నోటీసివ్వడం నా ఉద్యోగం. ఒకసారి ముప్పాళ్ళ దగ్గర చుక్క పడింది. మిరపకట్టె పొగకు దగ్గలేక చచ్చాను. ఆ రైతు మాత్రం తాపీగా అడిగాడు.

“పక్క చేనాయన కూడా తగలబెట్టాడుగా. ఆయనకు చుక్క పడలేదంటే, మీ ఉపగ్రహం ఆయన పార్టీదా సార్?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “మంట చిన్నదైతే పైకి కనపడదయ్యా,” అన్నాను.

ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్నే పక్క చేనాయన నలుగురిని వెంటేసుకుని ఆఫీసుకొచ్చాడు.

“నాది చిన్న మంటా? వాడిది రెండెకరాలు, నేను తగలబెట్టింది అయిదు. నాకూ నోటీసు రాయి. రాసేదాకా కదిలేది లేదు,” అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.